మత్తడి రాయి

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి. శంషాబాద్ బజారులో రెండు షట్టర్ల సిమెంటు, ఇనుము దుకాణం. ఎర్రదొడ్డికుంట ఒడ్డున రెండు వందల గజాల ప్లాటు, దాని మీద రేకుల గోదాము. కుంట చుట్టూ లేస్తున్న కాలనీలో ఇల్లు కట్టుకునేవాడెవడైనా నా దుకాణానికే రావాలన్న ధీమా. ఏళ్ల తరబడి నా సరుకు మోస్తున్న బర్కత్ స్నేహం. కుర్మయ్య సేటు బేరంలో గట్టివాడే కాని తూకంలో మోసం చెయ్యడని బజారులో నాకున్న పేరు. నా భార్య స్వరాజ్యాన్ని ఆస్తి కింద రాసుకోలేదు. ఆమె మా ఇంటి ఆడిటరు.

వీటితో పాటు ఒక నష్టం కూడా ఉంది. అంతకు ముందు వానాకాలం ఒక మధ్యాహ్నం కురిసిన వానకు కుంట పొంగి నా గోదాములోకి వచ్చింది. అదే నీరు నాలా పట్టుకుని బజారు వెనక్కి వచ్చి దుకాణం మెట్లు కూడా ఎక్కింది. నీళ్లు తాగిన సిమెంటు సంచి ఎట్లా ఉంటుందో చూడనివాళ్లకు చెప్పాలి. సంచి ముడతలతో సహా గట్టిపడి, తలగడ ఆకారంలో రాయి అయిపోతుంది. దాన్ని ఎవరూ కొనరు. పారబోయడానికి కూలి మళ్లీ మనమే ఇవ్వాలి. సరుకు పోయినందుకు నేను ఏడవలేదు, వ్యాపారి ముఖం వేలాడేస్తే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది. కాని ఎందుకు పోయిందో తేల్చకుండా ఊరుకోవడం నాకు చేతకాదు.

తేల్చడం పెద్ద కష్టం కాలేదు. కుంట వెనక భాగంలో నీళ్లు తగ్గినప్పుడు రైతులు పంట వేసుకునే భూమి ఉండేది. శిఖం భూమి అంటారు. వాటికి పట్టాలున్నాయి. శివశంకర్ అనే వెంచర్ యజమాని ఆ పట్టాలన్నీ కొన్నాడు, మొరం పోసి ఎత్తు చేశాడు, ప్లాట్లు గీశాడు. పట్టా ఉంది కదా అని మేమంతా కొన్నాం. ఆ పట్టా నీళ్లు లేని నెలల్లో జొన్న చల్లుకోవడానికే తప్ప గోడలు లేపడానికి కాదని కొన్నవాళ్లలో ఎవరమూ అడగలేదు, అమ్మినవాడు చెప్పలేదు. మొరం బర్కత్ టిప్పర్‌లో వచ్చింది. సిమెంటు నా దుకాణం నుంచి వెళ్లింది. ఎన్ని టిప్పర్ల మొరం కుంటలోకి పోయిందో అంత నీరు బయటికి రావాల్సిందే. నిండు గిన్నెలో గరిటె ముంచితే ఏమవుతుందో వంట చేసే ఎవరినడిగినా చెబుతారు.

వాన తర్వాత ఆఫీసర్లు వచ్చారు. కుంట నిండితే ఎంతవరకు నీళ్లు నిలుస్తాయో కొలిచి పటం మీద ఒక గీత గీశారు. దాని వెనక కొంత ఖాళీ జాగా వదలాలని ఇంకో గీత. ఈ రెండు గీతల లోపల కొత్త కట్టడం ఉండకూడదు, మొరం పోయకూడదు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే రాసివ్వండి, కట్ట మీదే విచారణ పెడతాం, ఆ తర్వాత గీత ఖాయం అన్నారు. నా గోదాము లోపలి గీతలోనే పడింది.

శివశంకర్ తన వెంచర్ ఆఫీసు ముందు షామియానా వేసి కాలనీ వాళ్లను పిలిచాడు. మనిషి చూడ్డానికి మెత్తన. ఎవరినీ కోప్పడడు, అందరికీ చల్లటి మజ్జిగ ఇప్పిస్తాడు.

"అన్నలారా, అక్కలారా, జర పరేషాన్ కాకున్రి," అన్నాడు. "గీత అంటే ఏంది? కాయితం మీద రంగు. మత్తడి ఎంత ఎత్తుంటే కుంట గంతవరకు నిండుతదని వాళ్ల లెక్క. మత్తడి గంత ఎత్తు లేదు, మీరు తప్పు కొలిచిన్రు అని మనం రాసిద్దాం. గీత లోపలికి పోతది, మన ప్లాట్లు బయటికొస్తయ్. అందరు దస్కతులు పెట్టాలె. మొదటి దస్కతు కుర్మయ్యన్నది."

మత్తడి అంటే కట్టకు ఒక పక్కన ఉండే రాతి గోడ. కుంట నిండాక ఎక్కువైన నీళ్లు దాని మీంచి దూకి నాలాలోకి పోతాయి. శివశంకర్ చెప్పిన లెక్క సరైనదే. మత్తడి పై రాయి ఎంత ఎత్తులో ఉందో కుంట హద్దు అంత దూరం ఉంటుంది.

"నేను పెట్టను," అన్నాను.

సరిగ్గా అప్పుడే నెత్తి మీంచి విమానం దిగింది. మా దగ్గర ఏ బేరమైనా విమానం పోయేదాకా ఆగాలి. శివశంకర్ నవ్వుతూ పెన్ను నా వైపు చాపాడు. నా మాట వినబడలేదన్నమాట. శబ్దం తగ్గాక మళ్లీ చెప్పాను, ఈసారి లేచి నిలబడి.

"నేను పెట్టనన్న."

"అదేందన్నా? నీ గోదాము గూడ గీతల పడ్డది గద!"

"పడ్డది. గీత జరిగితే నా గోదాము మిగుల్తది. గీతతోని నీళ్లు గూడ జరుగుతయా?"

"నీళ్లు యాడికో ఆడికి పోతయ్ తియ్."

"గా 'యాడికో' అన్న జాగలనే బర్కత్ ఇల్లున్నది. దాని ఎనక నా దుకాణమున్నది."

ఎవరో కిసుక్కుమన్నారు. నేను కూర్చోలేదు. "ఒక్క మాట చెప్పు శివశంకర్. నీ వెంచర్ల ఇంక అమ్ముడు పోని ప్లాట్లు ఎన్నున్నయ్?"

అతను మజ్జిగ తాగాడు. వెనక నుంచి ఒకతను, "సగం ఖాళీనే గదన్నా," అన్నాడు.

"ఆ సగం గీత లోపలుంది. గీత జరిగితే అవి అమ్ముతడు. కొన్నోళ్లు మొరం పోస్తరు. మనకంటె మూరెడు ఎత్తు పోస్తరు, ఎందుకంటె పోయిన వానకు మన ఇండ్లు మునిగినయని చూసిన్రు. ఇగ ఆ నీళ్లు మన ఇండ్లల్లకే. గప్పటికి ఈయన మహేశ్వరంల ఇంకో వెంచర్ ఏసుకుంటడు. మనం ఈడనే ఉంటం. నువ్వు మా ఇండ్లు కాపాడుతలేవ్ భాయ్, నీ మిగిలిన మాల్ ఖాళీ చేసుకుంటున్నవ్. అది తప్పు కాదు, నేను గూడ వ్యాపారినే. కాని దానికి నా దస్కతు ఎందుకు?"

అప్పుడు సుమలత లేచింది. ఆమె ఎయిర్‌పోర్టు కార్గోలో పని చేస్తుంది. బడంగ్‌పేట్‌లో పదేళ్లు కిరాయి ఇళ్లలో ఉండి, బ్యాంకు లోను మీద ఇక్కడ ఇల్లు కట్టుకుంది. దాని సిమెంటు సంచులన్నీ నా దగ్గరివే. ఒక్కొక్క సంచికీ బేరమాడేది.

"మాటలు మస్తు చెప్తున్నవన్నా," అంది. "నీకు బజార్ల దుకాణముంది. గోదాము పోతే ఇంకోటి ఏసుకుంటవ్. నాకు గిదొక్కటే. గిది కూలగొడితే నేను నా పిల్లలను తీసుకొని నీ దుకాణంల పండుకోవాల్నా?"

"నీ ఇల్లు కూలగొట్టాలని నేనంటలేను చెల్లె. నీ ఇంట్లకు ఇంకింత నీళ్లు రావొద్దంటున్న."

"గీతల ఉన్నయన్ని కూలగొడ్తరని శివశంకరన్న చెప్పిండు."

"అడిగినవా ఆఫీసర్లను?"

"అడిగితే ముందు నాదే గుర్తు పెట్టుకుంటరని అడగలే," అంది. ఆమె కళ్లల్లో నీళ్లు లేవు, కోపం ఉంది. ఆ కోపంతోనే పెన్ను తీసుకుంది. ఆమె మొదటి దస్కతు పెట్టింది. ఆమె వెనక అందరూ పెట్టారు.

నేను కూడా ఒక కాగితం రాసిచ్చాను. గీత ఎక్కడుందో అక్కడే ఉంచండి, నా గోదాము దాని లోపలుందని నాకు తెలుసు, తీసేయమంటే తీసేస్తాను అని రాసి, కింద దస్కతు పెట్టాను. అందరి కాగితాల మధ్య ఆ ఒక్కటే ఎదురు కాగితం.

మరుసటి వారం నుంచి దుకాణానికి కాలనీ గిరాకీ రాలేదు. ఎదురు దుకాణానికి పోతూ నా షట్టర్ల ముందు స్కూటర్ నెమ్మదిగా నడిపేవాళ్లు, నేను చూడాలని. ఒకతను నాలుగు మేకుల కోసం కూడా అవతలికి పోయాడు. స్వరాజ్యం షాద్‌నగర్ నుంచి వచ్చిన ఇనుప చువ్వలను చూసి, "ఇవి పండ్లు కావు గద, కుళ్లిపోవు తియ్," అంది. అదే ఆమె ఇచ్చిన ధైర్యం. ఆ తర్వాత, "కాని తుప్పు పడ్తది," అని కూడా అంది. ఆడిటరు రెండు వైపులా చూస్తుంది.

నా మనసంతా బర్కత్ మీదే ఉంది. అతనిల్లు మత్తడి కింద, నాలా పక్క గల్లీలో. పోయిన వానకు వాళ్లింట్లో నీరు కిటికీ దాకా వచ్చింది. అతని భార్య బిల్కీస్ కుట్టుమిషన్లు రెండూ బురదలోంచి తీసి ఎండబెట్టుకుంది. అయినా అతను శివశంకర్‌కు మొరం పోస్తూనే ఉన్నాడు. ఒకరోజు చాయ్ హోటల్లో పట్టుకున్నాను.

"బర్కత్ భాయ్, నీ ఇల్లు యాడుంది?"

"తెల్వదా సేట్? మత్తడి కింద."

"మొరం యాడ పోస్తున్నవ్?"

"మత్తడి మీద, కుంటల." చాయ్ ఊదుకుంటూ అన్నాడు. "సమజైంది. ఆగే బోలో."

"ఇంక చెప్పనీకి ఏముంది?"

"టిప్పర్ కిస్తీ ఎవరు కడ్తరు, చెప్పు. నీ దుకాణంల గిరాకీ లేదు. నేను శివశంకర్‌ను ఇడిసిపెడితే ఇద్దరం కల్సి నీ మెట్ల మీద కూసుంటం, అంతే. బిల్కీస్ రెండు చాయ్‌లు పంపిస్తది."

అతనన్నది నిజం. ఖాళీ చేతులతో చెప్పే నీతి ఎవరికీ అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు. అందుకే ఆ వారమంతా నేను మహేశ్వరం ఊళ్లు తిరిగాను. అక్కడ కొత్తగా వస్తున్న షెడ్లకు, పొలాల ప్రహరీలకు సిమెంటు స్తంభాలు, పలకలు కావాలి. అవి లేస్తున్న నేల మెరక, దగ్గర్లో కుంటలూ లేవు. మూడు చోట్ల ఆర్డర్లు తెచ్చాను. లాభం తక్కువ పెట్టుకుని, మోసే పని మాత్రం బర్కత్‌కే అని ఖాయం చేశాను.

"ఇగ కిస్తీ కట్టు," అన్నాను.

బర్కత్, "నువ్వు మనిషివి కాదు సేట్, కిరికిరివి," అన్నాడు. ఆ రోజు నుంచి అతని టిప్పర్ కుంట వైపు పోలేదు.

కాని శివశంకర్‌కు ఇంకో టిప్పర్ దొరకడం ఎంతసేపు? అంతకంటే పెద్ద పని కూడా చేశాడు. ఒక ఆదివారం పొద్దున్నే పక్క జిల్లా నుంచి మేస్త్రీలను తెచ్చి, "మత్తడి రిపేరు" అని బోర్డు పెట్టి, పై వరస రాళ్లన్నీ పెకిలించాడు. సాయంత్రానికి కొత్త సిమెంటు ప్లాస్టరు మెరుస్తోంది. మత్తడి మూరెడు కిందికి దిగింది.

కొలతలు సరిచూడటానికి నీటిపారుదల ఇంజనీరు వచ్చినప్పుడు నేను కట్ట మీదే ఉన్నాను. ఆమె పేరు ఆమ్నా, చిన్న వయసు. టోపీ పెట్టుకుని ఎండలో తనే పరికరం పట్టుకుని తిరుగుతుంది. ప్లాస్టరును గోటితో గీకింది.

"ఇది నిన్న మొన్నటిదే," అంది. "పోయినసారి నేను కొలిచినప్పుడు ఎత్తుంది. కాని రిపేరుకు ముందున్న పై వరస అసలు రాయి కాదు, ఎవరో తర్వాత పేర్చిన రాళ్లు అని వాళ్లు రాసిచ్చారు. పాత పటంలో కుంట ఉంది, మత్తడి ఉంది, దాని ఎత్తు లేదు. అసలు రాయి అదేనని రుజువు కావాలి. లేకపోతే విచారణలో ఈరోజు ఉన్న ఎత్తే నిలబడుతుంది."

"ఈరోజు ఎత్తు నిలబడితే?"

"గీత చాలా లోపలికి పోతుంది. ఖాళీ ప్లాట్లన్నీ బయటపడతాయి. కుంటలో నిలవాల్సిన నీళ్లు ముందే కిందికి దూకుతాయి." ఆమె మత్తడి కిందికి చూసింది. "ఆ గల్లీలో ఎంతమంది ఉంటారు?"

"నా స్నేహితుడు ఉంటడు మేడం," అన్నాను. లెక్కలో నాకు ముందుగా తోచింది అదే.

విచారణకు ముందు ఆషాఢం వచ్చింది. బోనాల రోజులు. శివశంకర్ వెంచర్ గేటు దగ్గర కొత్తగా మైసమ్మ గుడి కట్టించి ప్రతిష్ఠకు ఇంటింటికీ చెప్పి పంపాడు. మాకు కూడా. మనిషిని దుకాణం దగ్గర వెలివేయవచ్చు కాని అమ్మవారి పండుగకు పిలవకుండా ఉండటానికి ఎవరికీ ధైర్యం చాలదు. అందులోనూ స్వరాజ్యం ఈ ఊరి ఆడపడుచు. కుంట నిండి మత్తడి దూకిన ప్రతిసారీ ముందు పసుపు పెట్టేది వాళ్ల ఇంటివాళ్లే.

నాకు పోవాలని లేదు. "తల్లికి నీ కొట్లాటతోని ఏం పని? నడువ్," అని స్వరాజ్యం బోనం ఎత్తుకుంది.

గుడి చిన్నదే అయినా ముచ్చటగా ఉంది. లోపల నిలబెట్టిన రాయికి వెండి కళ్లు అతికించి, ఎర్రచీర చుట్టి, పసుపు రాశారు. నుదుటి మీద ఇంత లోతైన బొట్టు. డప్పుల మధ్య స్వరాజ్యం బోనం దించి, దండం పెట్టి, బొట్టు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. వేలితో ఆ బొట్టు లోతు చూసింది. తర్వాత రాయి వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమింది. బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"మనం పసుపు పెట్టే మత్తడి రాయి ఇదే," అంది.

"ఏందే?"

"మత్తడి మీద నడిమి రాయికి ఒక కొసకు దీపం పెట్టే గుంట ఉంటది. మా అవ్వ పెట్టింది, మా అమ్మ పెట్టింది, నేను పెట్టిన. గా గుంటల నూనె పోసి ఒత్తి ఏస్తం. గిప్పుడు గా గుంటల కుంకుమ నింపి బొట్టు చేసిన్రు. పండుకున్న తల్లిని తీస్కొచ్చి నిలవెట్టిన్రు! ఎనక సున్నం గూడ గట్లనే ఉంది."

నేను మళ్లీ లోపలికి పోయి చూశాను. ఏళ్లుగా ఇళ్లు కట్టే సరుకు అమ్మిన చేతికి రాయి తెలుస్తుంది. యంత్రం కోసిన రాయి కాదు, ఉలి దెబ్బలు. వెనక పాత డంగు సున్నం పెచ్చులు. గుడి మెట్లూ అరుగూ కూడా అదే రాయి, అవే ఉలి దెబ్బలు.

ఏం జరిగిందో అర్థమైంది. మిగతా రాళ్లను మెట్లకు వాడుకున్నారు. ఈ ఒక్క రాయి మీద తరాల పసుపు ఉంది. దీన్ని పగలగొట్టమంటే ఏ మేస్త్రీ సుత్తి ఎత్తడు. పూడ్చి పెట్టమంటే ఏ కూలీ గుంత తీయడు. శివశంకర్ కూడా పట్టాలు మార్చగలడు, పటాలు మార్చగలడు కాని పసుపు రాసిన రాయిని పారేసి ఇంట్లో నిద్రపోలేడు. అందుకని గుడి కట్టి, తప్పు కడుక్కుని, దండం పెట్టుకోవడానికి మా అందరినీ పిలిచాడు. నేను వెతుకుతున్న రుజువుకు తనే వెండి కళ్లు పెట్టించి రోడ్డు మీద నిలబెట్టాడు.

నేను ఎవరికీ చెప్పలేదు. మంచి సరుకు చేతిలో ఉన్నప్పుడు సంత తెరిచేదాకా ఆగాలి.

విచారణ రోజు కట్ట మీద టేబుల్ వేశారు. పెద్ద ఆఫీసరు, పక్కన ఆమ్నా. కాలనీ అంతా వచ్చింది. మత్తడి కింద గల్లీ నుంచి బర్కత్, బిల్కీస్, ఇంకా చాలామంది వచ్చారు. శివశంకర్ అందరి తరఫున తన కాగితం చదివాడు. అసలు మత్తడి ఎత్తు ఇదే, పైన ఉన్నవి ఎవరో తర్వాత పేర్చిన రాళ్లే, కాదనేవాళ్లు రుజువు చూపాలి అని ముగించాడు.

"చూపిస్త," అన్నాను. "రుజువు గేటు కాడ నిలబడి ఉంది. నడువున్రి."

గుడి ముందుకు వచ్చేసరికి శివశంకర్ ముఖం మారింది. మొదటిసారి అతని గొంతు పెరగడం విన్నాను.

"అన్నా, దేవుని మీద టేపు పెడ్తవా? మర్యాదగ ఉండదు." తర్వాత ఆమ్నా వైపు తిరిగి, మళ్లీ మెత్తగా, "మేడం, మీరు గుడిల రాయిని ముట్టుకుంటే రేపు నలుగురు నాలుగు మాట్లాడుతరు. మీకెందుకు?" అన్నాడు.

గుంపులో కదలిక వచ్చింది. ఆ మాట ఏ వైపు పోతుందో అందరికీ తెలుసు. బర్కత్ వైపు వాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు.

"నేను లోపలికి రాను," అంది ఆమ్నా మామూలుగా. "కొలత ఎవరు తీసినా కొలతే. నేను ఇక్కణ్నుంచి రాసుకుంటాను."

స్వరాజ్యం ముందుకొచ్చి ఆమె చేతిలోంచి టేపు తీసుకుంది. "మా తల్లిని మేం కొలుస్తం. పుట్టినప్పటిసంది తానం పోస్తున్నం, చీర కడ్తున్నం, కొలిస్తే కోపగించుకుంటదా? ఇంకో కొస ఎవరన్న పట్టున్రి."

కాలనీ ఆడవాళ్లలో ఎవరూ కదల్లేదు. అప్పుడు సుమలత ఆమ్నా ముందుకు వచ్చి నిలబడింది.

"మేడం, ఒక్కటి అడుగుత. గీత ఇప్పుడున్నకాడనే ఉంటే నా ఇల్లు కూలగొడ్తరా?"

"ఇంటి నంబరు ఉందా? మనుషులు ఉంటున్నారా?"

"ఉంటున్నం."

"అయితే ఇల్లు ఉంటుంది. పైన ఇంకో అంతస్తు వేయడానికి లేదు, చుట్టూ మొరం పోయడానికి లేదు. ఖాళీ ప్లాట్లలో కట్టడానికి లేదు. రేకుల షెడ్లు, గోదాములు తీసేస్తాం. ఇది మొదటి కాగితంలోనే రాశాం కదమ్మా."

సుమలత శివశంకర్ వైపు తిరిగింది. "మొదటి కాయితం మాకు సదివినవ్ గదన్నా. గీ ముక్క యాడ పోయింది?"

"చెల్లె, వాళ్లు ఇయ్యాల గిట్లంటరు, రేపు..."

"నా ఇంటి పేరు చెప్పి నీ ప్లాట్లు అమ్ముకుంటున్నవా?" అని, చెప్పులు విడిచి గుడిలోకి పోయి టేపు రెండో కొస పట్టుకుంది. "చెప్పక్కా, ముందు నుంచి ఎనకకేనా?"

"ఆఁ. పండుకున్నప్పుడు గదే ఎత్తు."

మూరెడు మందం. సరిగ్గా మత్తడి ఎంత దిగిందో అంత. మెట్ల రాళ్లు కొలిచారు, అవీ అంతే. ఆమ్నా రాసుకుంది. పెద్ద ఆఫీసరు మాత్రం, "ఈ రాయి ఆ మత్తడిదే అని ఎట్లా చెబుతాం?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

"పెట్టి చూద్దాం," అన్నాను. "తాళానికి చెవి సరిపోతదో లేదో తిప్పితే తెలుస్తది."

బర్కత్ టిప్పర్ తెచ్చాడు. జేసీబీ పట్టీలు కట్టి ఎత్తుతుంటే ఆడవాళ్లు పసుపు నీళ్లు చల్లారు. బర్కత్ టిప్పర్ తొట్టి కడిగి, ఎండుగడ్డి పరిచి, "అమ్మా, దీన్ల ఇన్ని దినాలు మొరం మోసిన, మాఫ్ చెయ్యి," అన్నాడు. బిల్కీస్ వెనక నుంచి, "ముందు నాకు మాఫీ చెప్పు, మిషన్లు నాయి," అంది. అందరూ నవ్వారు, ఇంతకు ముందు వెనక్కి అడుగు వేసినవాళ్లు కూడా.

మత్తడి మీద కొత్త ప్లాస్టరు కొట్టేస్తే కింద పాత రాతి వరస బయటపడింది. దాని మీద సున్నం ఎక్కడెక్కడ ఊడిందో మచ్చలున్నాయి. రాయిని పడుకోబెట్టి మెల్లగా దింపారు. రెండుసార్లు కుదరలేదు. స్వరాజ్యం, "దీపం గుంట కట్ట దిక్కు ఉండాలె, తిప్పున్రి," అంది. తిప్పి దింపితే కింది సున్నం పైసున్నంతో కలిసి రాయి కదలకుండా కూర్చుంది. ఆమ్నా దాని మీద కొలకర్ర నిలబెట్టి పరికరంలో చూసి, పటంలో తను మొదట రాసిన అంకె కింద గీత కొట్టింది. మార్చాల్సిన పని పడలేదు.

శివశంకర్ పోతూ పోతూ నా దగ్గర ఆగాడు. "గెలిచినవన్నా. కాని నీ గోదాము పాయె."

"పోనియ్. రాసిచ్చిందే నేను."

"పిచ్చోనివి."

"నీ లెక్క నీది, నా లెక్క నాది. పొయ్యిరా."

ఎవరో వచ్చి కూలగొట్టేదాకా నేను ఆగలేదు. ఆ వారమే రేకులు విప్పించాను. స్తంభాలు మహేశ్వరం ప్రహరీలకు పనికొచ్చాయి. గుడి మెట్లకు, అరుగుకు వాడిన రాళ్లు కూడా మత్తడి మీదికి తిరిగి చేరాయి, గీత ఖాయమై బోర్డులు పాతారు. తర్వాత వచ్చిన పెద్ద వానకు కుంట నిండింది, మత్తడి దూకింది. బర్కత్ గల్లీలో మోకాలి కిందికే వచ్చి పొద్దుగూకేసరికి పోయింది. సుమలత ఇంటి ముందు రోడ్డు మునిగింది, నీరు గడప దాటలేదు. ఆమె ఫోను చేసి ఆ మాట చెప్పి, అదే ఊపులో ప్రహరీ గోడకు సిమెంటు ధర అడిగి, ఎక్కువ చెబుతున్నానని తిట్టింది.

ఈ మధ్య ఒక కొత్త బ్రోకర్ నా దుకాణానికి వచ్చాడు. గీతలు శాశ్వతం కాదు, కొన్నేళ్లకు మారతాయి, నా రెండు వందల గజాలు తక్కువకు ఇస్తే కొనిపెట్టుకుంటాను అన్నాడు. అది అమ్మకానికి లేదన్నాను. నీళ్లలో ఉన్న జాగా ఉంచుకుని ఏం చేసుకుంటావు అన్నాడు. "నీళ్లకు కిరాయికిచ్చిన," అన్నాను. అతను నవ్వి, నేను నవ్వకపోవడం చూసి, వెళ్లిపోయాడు.

ఇక లెక్క. పోయినవి: గోదాము, అందులో ఆ ఏడు పెట్టుకోలేకపోయిన సరుకు మీది రాబడి, కాలనీలో తిరిగి రాని గిరాకీ. ముగ్గురు నలుగురు ఇప్పటికీ ఎదురు దుకాణానికే పోతారు, పోనీ. శివశంకర్ ఇచ్చే పెద్ద ఆర్డర్లు పోయాయి, ఇక రావు. వచ్చినవి: మహేశ్వరం బాట, అక్కడ నాలుగు నమ్మకమైన ఖాతాలు. బిల్కీస్ పెళ్లి సీజనుకు మూడో మిషను కొనుక్కుంది, ఆ మాట నా లాభంలో ఎందుకు రాసుకున్నావని అడిగేవాళ్లకు నేను జవాబు చెప్పను. వానాకాలంలో నడుము లోతు నీళ్లుండే రెండు వందల గజాలు, నా పేరు మీద. దాని మీద రూపాయి రాదు. గీత జరపాలని ఎవరు వచ్చినా ముందు నా జాగా మీంచి పోవాలి, నేను దారి ఇవ్వను. స్వరాజ్యం రెండు వైపులా కూడి చూసి, మిగులే అని తేల్చింది.